సాక్షి మాట

"మీ ఫిర్యాదు మీద చర్య తీసుకున్నామమ్మా," అన్నాడు సూపర్‌మార్కెట్ మేనేజరు. "పాలపొడి దగ్గరుండే అమ్మాయిని పనిలోంచి తీసేశాం."

టీచరమ్మ వెంటనే అడిగింది, "ఆ పిల్లేం చేసింది?"

"గడువు దాటిన డబ్బాలని తనకి ముందే తెలుసట. మీ ఉత్తరంలోనే ఉంది కదా."

నిజమే. ఇక్కడి పాలపొడి తాగి మనవడికి వాంతులైన రోజు, డబ్బా పట్టుకొస్తే, "తేదీ మీద స్టిక్కరు అంటించారండీ, గీకి చూడండి," అని చెవిలో చెప్పింది ఆ పిల్లే. సాక్ష్యం ఉంటే బలమని ఆ మాట పొల్లుపోకుండా రాసింది తనే.

"మరి అంటించిందెవరు?"

"అది గోడౌన్ వాళ్ల సంగతి. నే చూసుకుంటాలెండి."

టీచరమ్మ పాలపొడి అర దగ్గరికి నడిచింది. కొత్తమ్మాయి డబ్బాలు సర్దుతోంది. ఒక డబ్బా తీసి గోటితో గీకితే స్టిక్కరు ఊడొచ్చింది. అడుగున పాత తేదీ.

"చూశావా అమ్మా?"

కొత్తమ్మాయి తల తిప్పుకుంది. "నేనేం చూళ్లేదండీ. మీకు దణ్ణం పెడతాను, ఉత్తరంలో నా ఊసెత్తకండి."

 టీచరమ్మ బిల్లు కౌంటరు దగ్గర బారులు తీరిన జనం ముందుకెళ్లి, డబ్బా ఎత్తిపట్టుకుని, ఆ తేదీని పైకి చదివింది.