ఒంటిచేత్తో వేలాడే రాకుమారి

“చెప్పమ్మా, ఈ వారం ఏమంటున్నారు జనం?”

మామగారు బోర్లా పడుకునే అడిగారు. కంటిపొర ఆపరేషన్ చేసి డాక్టరు లోపల గాలిబుడగ పెట్టాడు. తలెత్తితే బుడగ జరుగుతుంది, బుడగ జరిగితే చూపుకే మోసం. ఒక కన్ను కాగానే రెండోది. అందుకే మధ్యలో రంధ్రమున్న దిండులో మొహం దూర్చి, నేలతో కబుర్లాడుతున్నట్టు మాట్లాడతారు. టీవీ, ఫోను, పుస్తకం అన్నీ బంద్.

ఎదురుచూసిన గడియ కాస్తా సరిగ్గా అప్పుడే వచ్చింది. ఆయన రాసిన ‘ఉప్పుకోట’ జానపద నవల ఆరు భాగాలూ టీవీలో సీరియల్‌గా మొదలయ్యాయి. “దీన్ని చూసైనా నా పుస్తకాలు నలుగురికీ గుర్తొస్తాయేమో” అని ఆపరేషన్‌కి వెళ్తూ అన్నారాయన.

సీరియల్ మాటలు చెవినపడితే మామగారు ఆగలేక తలెత్తేస్తారని కోడలి భయం. ప్రతి శుక్రవారం సాయంత్రం ఏడింటికి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పక్కగదిలో తలుపేసుకుంటుంది. ఎనిమిదింటికి ఫోను పట్టుకుని వచ్చి మంచం పక్కన కూర్చుంటుంది. ఆమె నర్సరీ స్కూల్లో టీచరు. ఎలుగుబంటికో గొంతు, చిలక్కో గొంతు పెట్టడం అలవాటు. ఫోనులో ప్రేక్షకులు పెట్టే కామెంట్లకీ అదే పద్ధతి.

“ఒక పెద్దావిడ, మామయ్యా. ‘ఎగిరే తాబేలంటే ఎంతో ఊహించుకున్నాను నాయనా. మూకుడు బోర్లించి దారం కట్టి లాగారు!’ అంటోంది.”

మామగారి వీపు కదిలింది. నవ్వో, కోపమో తెలియలేదు.

“నా తాబేలు గాల్లో ఒళ్ళు విరుచుకుంటుంది. ఆ టీవీవాళ్ళకేం తెలుసు! ఇంకా?”

“హాస్టల్ అమ్మాయిలట. మంత్రగత్తెకి అన్యాయం జరిగిందంటున్నారు. నలభైమంది ఆవిడ పార్టీ అట. మెస్సులో రాకుమారి పార్టీతో మాటల్లేవట.”

“నలభైమందే!” దిండులోంచి వచ్చినా, ఆ గొంతులో మురిపెం దాగలేదు.

కోడలు గొంతు సవరించుకుంది. “ఇంకొకటుంది. మీరు బాధపడనంటేనే.”

“కానీయ్.”

“ఎవరో ‘ముక్కుసూటి’ అని పేరు పెట్టుకున్నారు. ‘ఆరో భాగం చివర రాకుమారి కోటగోడకి ఒంటిచేత్తో వేలాడుతోంది. తొమ్మిదేళ్ళైంది. పాపం, ఆ పిల్లకి చెయ్యి లాగదా? రచయిత దగ్గర సరుకు అయిపోయినట్టుంది. ఏడో భాగం ఈ జన్మకి రాదు, రాసిపెట్టుకోండి.’”



తొమ్మిదేళ్ళుగా ఏడో భాగం ఊసెత్తితే మామగారిది ఒకటే జవాబు: “ఎవరడుగుతున్నారు గనక?” ఇప్పుడు ఆ జవాబుకి కాళ్ళు విరిగాయి.

“సరుకు అయిపోయిందా? నాకా? వీడి తలపొగరు తగలెయ్య! అమ్మాయ్, నోటుబుక్కు తే!”

ఆ రోజు నుంచి ఆయన నేలకి చెప్పడం, కోడలు పక్కన కూర్చుని రాయడం. స్కూలుకి వెళ్ళేముందు రెండు పేజీలు, వచ్చాక నాలుగు. ఆమె వేలికి కాయ కాసింది.

నాలుగో వారంలో ఆమె కూరలకి వెళ్ళిన సమయాన, మామగారి పుస్తకాల ప్రూఫులు దిద్దే పాత మిత్రుడు వచ్చి వెళ్ళాడు.

“ఏమంటారు మామయ్యా, ఆయన?” దారిలో ఆయన్ని చూసిన కోడలు గుమ్మంలోనే సంచి పట్టుకుని అడిగింది.

“ఏముందమ్మా, అచ్చుతప్పుల గోల. సరేగానీ, ఇవాళ శుక్రవారం కదా, రాత్రికి మన ముక్కుసూటి ఏం కూస్తాడో వినాలి.”

ముక్కుసూటి ఏ వారమూ ఊరుకోలేదు. ఒకసారైతే, ‘రాస్తే గీస్తే తాబేలొచ్చి రాకుమారిని కాపాడిందని రాస్తాడు, అంతకుమించి తోచదు’ అన్నాడు.

మామగారు ఉలిక్కిపడ్డారు. ముందురోజు రాయించింది సరిగ్గా అదే.

“వాడికెలా తెలిసిందమ్మా?”

“ఊహించి ఉంటారు మామయ్యా. అందరికీ తట్టేదే కదా.”

“అందరికీ తట్టేదా?” ఆయన మంచం పట్టె మీద చరిచారు. “కొట్టెయ్ ఆ పేజీలు. తాబేలు రాదు. ఆ పిల్లే చెయ్యి వదిలేస్తుంది.”

“అయ్యో, వదిలేస్తే?”

“రాసుకో. నీకే తెలుస్తుంది.”

ఆ అధ్యాయం రాస్తూ కోడలు రెండుసార్లు కళ్ళు తుడుచుకుంది. మూడోసారి పడీపడీ నవ్వింది.

పన్నెండో వారానికి ఏడో భాగం పూర్తయింది. డాక్టరు కూర్చోవచ్చన్నాడు. మామగారు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, చాన్నాళ్ళ తర్వాత గోడకి ఆనుకుని కూర్చున్నారు. నోటుబుక్కుల దొంతరని ఒళ్ళో పెట్టుకుని అంచులు తడిమారు.

“మొదటి కాపీ ఆ ముక్కుసూటి మొహాన కొట్టాలి. వాడి చిరునామా సంపాదించమ్మా.”

కోడలికి తాగుతున్న మంచినీళ్ళు పొలమారాయి. “చిరునామాలు ఇవ్వరు మామయ్యా. వాడో, ఆమో కూడా తెలియదు. పోనిద్దురూ.”

“పోనీలే. ఇంకొక్క పేజీ మిగిలింది. అంకితం. కలం తీసుకో.”

ఆమె కొత్త పేజీ తిప్పింది.

“రాయి: టీవీవాళ్ళు రెండో వారంలోనే ఆపేసిన సీరియల్‌ని పన్నెండు వారాలు నడిపించి, తానొక్కతే వేయిమంది ప్రేక్షకులై నన్ను తిట్టిపోసిన నా కోడలికి.”