పలకరింపు పాఠం

"చావో!" అంటూ కెఫేలోకి అడుగుపెట్టింది ఎర్సీలియా.

బెల్మీరో కప్పు దించాడు. "మళ్లీ అదే! మీ ఇటలీలో వచ్చినా పోయినా చావోయే కావచ్చు. మా పోర్తోలో అది వెళ్లేటప్పుడు అనే మాటండీ. పొద్దున్నే వస్తే పోర్చుగీసులో 'బొం దీయ' అనాలి."

"బొన్... జోర్నో?"

"బొం దీయ!"

కౌంటర్ వెనక జుల్మీరా కిసుక్కున నవ్వింది.

ట్రాము నడిపినన్నాళ్లూ ఊరందరినీ పలకరించిన మనిషి బెల్మీరో. భార్య పోయాక నోరు కట్టేసుకున్నాడు. మూల బల్ల దగ్గర గోడకేసి కూర్చునేవాడు. ఎవరు 'బొం దీయ' చెప్పినా తల ఊపి ఊరుకునేవాడు. ఎదురు మేడలోకి కొత్తగా దిగిన ఈ ఇటలీ పెద్దావిడకీ మొదట్లో అంతే మర్యాద దక్కింది.

ఒకరోజు ఆమె వస్తూనే 'చావో' అంది. అతను ఉండబట్టలేక దిద్దాడు. అలా మొదలైంది.

మధ్యాహ్నం మూడింటికే ఆమె 'బువొనసేర' అనేది.

"ఎండ మాడ్చేస్తుంటే సాయంత్రమేమిటండీ! 'బోవ తార్ద్' అనండి."

చీకటి పడ్డాక ఎదురై అతను 'బోవ నోయ్త్' అంటే బిక్కమొహం వేసేది. "అది... పడుకునేప్పుడు... కాదా?"

"మీకు అంతే. మాకు కలిసినా అదే, విడిపోయినా అదే."

రాత్రి ఒక్కడే సూపు తాగుతూ, మర్నాటి పాఠం మనసులో కూర్చుకునేవాడు. ఆ ఇంట్లో అతనికి వేరే తోడు లేదు.

సోమవారం ఆమె రాలేదు. మంగళవారమూ రాలేదు.

"ఆస్పత్రిలో చేర్చారట" అంది జుల్మీరా.

బెల్మీరో కప్పు వదిలి లేచాడు. భాష రాని మనిషి. దాహమేస్తే నీళ్లెలా అడుగుతుంది? నొప్పి ఎక్కడో ఎవరికి చెప్పుకుంటుంది?

అతని భార్య కన్ను మూసింది ఆ ఆస్పత్రిలోనే. మళ్లీ ఆ గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడు. గడ్డం గీసుకుని, కోటు తొడుక్కుని బయల్దేరాడు.

వార్డు గుమ్మంలో నర్సు ఆపింది. "ఎవరు కావాలి పెద్దాయనా?"

"ఎర్సీలియాగారు. ఇటలీ ఆవిడ. ఆమెకి మన మాట రాదమ్మా. నన్ను పక్కన కూర్చోనివ్వు, ఏం కావాలో నేను కనుక్కుని చెబుతాను."

నర్సు తెల్లబోయి చూసింది.

"రాకపోవడమేమిటండీ? ఇక్కడికి దగ్గర్లోని బ్రాగా ఊళ్లో మా బడి మొత్తానికి పోర్చుగీసు నేర్పింది ఆవిడే కదా!"