రెండో పూత

“మళ్ళీ నలుపేనా?” అంది జిగురక్క.

గొళ్ళెం అని పిలిచే ఆ పిల్ల తల ఎత్తకుండా ఊఁ కొట్టింది. అట్టపెట్టెకు నాలుగు పక్కలా నల్లరంగు పూసి, అది ఆరకముందే రెండో పూత మొదలుపెట్టింది.

ఇంట్లో తమ్ముడో అక్కో జబ్బుతో మంచాన పడితే, దిగులంతా మింగి కూర్చునే పిల్లల కోసం నడుస్తున్న తరగతి అది. నోటితో చెప్పలేనిది చేతులతోనైనా చెప్పిద్దామని, వారానికోసారి వాళ్ళ ముందు రంగులూ కాగితాలూ బంకమట్టీ పరుస్తుంది జిగురక్క. వేళ్ళకు జిగురు వదిలిన రోజు లేదు కాబట్టి పిల్లలు ఆ పేరు పెట్టారు. ఈ పిల్లకు గొళ్ళెం అని పెట్టిందీ వాళ్ళే. వస్తూనే తలుపు మూసి గొళ్ళెం బిగిస్తుంది మరి. ఎవరైనా పకపకా నవ్వితే పెదవుల మీద వేలు పెట్టి గుడ్లురుముతుంది.

తక్కినవాళ్ళు ఒక్కొక్కరే తేరుకున్నారు. పసుపు ఇళ్ళూ ఎర్ర గాలిపటాలూ చేసి, టాటా చెప్పి వెళ్ళిపోయారు. ఈ పిల్ల దగ్గరే జిగురక్క పప్పులుడకలేదు. తలుపు లేని ఇల్లు చేసింది, నోరు లేని బొమ్మ చేసింది, ఇప్పుడీ పెట్టె. దాన్ని చూస్తుంటే తననే అందులో పెట్టి మూత వేసినట్టు జిగురక్కకు ఊపిరాడలేదు.

“ఇందులో ఎవరున్నారమ్మా?”

“నేనే.”

“బయటికి రావాలని లేదూ?”

“ఇప్పుడే వద్దు.” గోడ గడియారం వైపు చూసింది. “టైము అయిపోయిందా అక్కా?”

“ఇంకా ఉందిలే.”

పాపం, ఎప్పుడు వదులుతారా అని చూస్తోంది కాబోలు అనుకుంది జిగురక్క. ఆవిడకు కళ్ళు చెమ్మగిల్లాయి. చేరిన రోజు తల్లి అన్న మాట గుర్తొచ్చింది. “పిల్లాడి పక్కనుంచి అడుగు కదపనండీ. దీనికోసమే మా అత్తగారిని కూర్చోబెట్టి వస్తున్నా.” అంత కష్టపడి తెస్తుంటే, తను చేస్తున్నదేమిటి?

“ఇలా లాభం లేదమ్మా. మీ అమ్మ బయట బెంచీ మీదే ఉందిగా, ఇప్పుడే మాట్లాడతా. నువ్విక ఇంత దూరం రావద్దు. పెద్ద డాక్టరమ్మ మీ ఇంటికే వచ్చి చూస్తుంది.”

కుంచె జారి కింద పడింది.

“వద్దక్కా! నేను బాగానే ఉన్నా! నిజంగా! కావాలంటే పసుపు వేస్తా, పువ్వులు వేస్తా!”

“బాగుంటే ఇంకా మంచిదే. అసలు రానే అక్కర్లేదు.”

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. అటు చూసినా ఇటు చూసినా దారి మూసుకుపోయింది. జిగురక్క లేచి తలుపు దగ్గరకు నడిచి, గొళ్ళెం మీద చెయ్యి వేసింది. పిల్ల పరుగున వచ్చి, రంగు చేతులతోనే ఆ చెయ్యి పట్టుకుని వేలాడింది.

జిగురక్క మోకాళ్ళ మీద కూర్చుంది. “ఏంటి తల్లీ నీ భయం? నాకు చెప్పు, ఎవరికీ చెప్పను.”

పిల్ల మూసిన తలుపు వైపు ఒకసారి చూసి, ఆవిడ చెవిలో గొణిగింది.

“మా అమ్మ నిద్రపోయేది ఈ గంటొక్కటే, అక్కా.”