ఎర్ర గీత

"తప్పు. మళ్లీ చేసుకోని రాపో," అంటూ మహానందమ్మ ఎర్ర సిరాతో పేజీకి అడ్డంగా గీత గీసింది. ఒకే లెక్కను కొట్టేయడం ఇది మూడో ఆదివారం.

"అట్లనే టీచరమ్మా. ఇంకో దారి ఎతుకుతా," అంది ఓబులమ్మ.

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సెక్కి వచ్చి లెక్కలు చెప్పించుకునే పిల్ల. పదేళ్లుగా మహానందమ్మ రెండు పేజీలు నింపి చెప్పే రేఖాగణితం లెక్కను మొదటి వారమే ఏడు వరుసల్లో తేల్చేసింది. అప్పుడు రగిలిన కడుపుమంట టీచరమ్మకు ఇంకా ఆరలేదు. ఈరోజు ఐదే వరుసలు. ఒక్క తప్పూ లేదు.

"ఇన్నిసార్లు కొట్టేస్తాంటే నీకు కోపం రాదా?"

"నాకెందుకొస్తాది? మా నాయనకే వచ్చింది. ఈ వారం గూడా తప్పయితే చదువు చాలించమన్నాడు. ఆయమ్మ ఊరికే కొట్టేయదు నాయనా, నాతో ఇంకా బాగా చేయిస్తాంది అని నేనే సర్దిచెప్పినా."

మహానందమ్మ తల ఎత్తకుండానే నోటుబుక్కు వెనక్కి తిప్పి, మొదటి వారం పేజీ తీసి, తను గీసిన గీత పక్కనే 'సరి' అని రాసి సంతకం పెట్టింది. తర్వాతి రెండింటికీ అలాగే పెట్టింది.

"మూడూ సరిగ్గానే ఉండాయి. మీ నాయనకు చూపించు."

ఓబులమ్మ ఆ సంతకాలను తేరిపార చూసింది.

"మరి ఎందుకు కొట్టేసినారు టీచరమ్మా?"

"ఈ దారులేవీ నాకు తట్టలేదని," అంది మహానందమ్మ.