ముందే తీసిన ఏడుపు

నా నూట మూడో పుట్టినరోజున మా నాటక సమాజాన్ని శిష్యుడి చేతిలో పెడుతున్నానని చెప్పడానికి టీవీ ఆయన్ని పిలిపించాను.

ఆయన కెమెరా బిగిస్తూ, “శిష్యుడుగారి మాటలు మా దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయండి,” అన్నాడు.

“ఏం మాటలు?”

“మీరు పోయాక వెయ్యడానికండి. పేరున్న పెద్దవాళ్లకి ముందే తీసి పెట్టుకుంటాం. మీరేమో మాకు ఆ అవకాశమే ఇవ్వడం లేదు!”

శిష్యుడు నీళ్లు నమిలాడు. “బతిమాలారు గురువుగారూ, కాదనలేకపోయాను.”

“దానికేంరా! నేనూ చూస్తాను. వెయ్యి బాబూ.”

టీవీ ఆయన తన ఫోనులో వీడియో పెట్టాడు. అందులో శిష్యుడు వెక్కుతున్నాడు. “గురువుగారు నా ఒళ్లోనే పోయారు. సమాజం ఇక నీదేరా అన్నారు. అదే ఆయన ఆఖరి మాట.”

పక్కనే ఉన్న శిష్యుడు ఫోను నా ముందుకి జరిపాడు.

“మీరంటే నాకు ప్రాణం గురువుగారూ. ఆ ఏడుపు చూడండి, అది నటనంటారా?”

చూశాను. ఊపిరి బిగబట్టి, కింది పెదవి వణికించి, ఆ తర్వాత తల దించాడు. కన్నీళ్లు రానప్పుడు రంగస్థలం మీద అలా చెయ్యమని వాడికి నేర్పింది నేనే.

“సిద్ధమండి,” అన్నాడు టీవీ ఆయన. “సమాజం ఎవరికి అప్పగిస్తున్నారో చెప్పండి.”

“ఇవాళ్టికి వద్దులే బాబూ, కెమెరా కట్టెయ్యి.”