మూడో దెబ్బ కోసం

ఆ అడవిలో కొత్త ఆటలు కనిపెట్టేది కొండ మీదుండే కొండముచ్చు ఒక్కడే. ఆట సిద్ధమైతే వడ్రంగిపిట్ట మద్దిమాను మీద మూడు దెబ్బలు కొట్టేది. అది వినగానే అడవంతా కొండకు పరుగెత్తేది.

రెండు వానాకాలాలు గడిచిపోయాయి. ఒక్క దెబ్బా వినబడలేదు.

ఉడుతకు మాత్రం ఆశ చావలేదు. తెల్లారగానే మద్దిమాను కిందికొచ్చి కూర్చునేది. ఎండుకొమ్మ విరిగినా "ఒకటి!" అని ఎగిరి, రెండోదానికోసం చెవులు రిక్కించేది.

"ఈలోగా మన రాళ్లాట ఆడదామే పిల్లా," అనేవాడు పక్కనే కూర్చున్న ముసలి కుందేలు మామ. ఏడు రాళ్లు పరిచి, ఒకదాని కింద ఒకరు గింజ దాచాలి, ఇంకొకరు వెతకాలి. అంతే ఆ ఆట.

"ఆ పాతచింతకాయ పచ్చడా! ఉండు మామా, రేపో మాపో కొత్తదొస్తుంది. ఇద్దరం కలిసే ఆడదాం."

మామ నవ్వి తన రాళ్లు మూటగట్టుకునేవాడు. చలికాలం వచ్చాక రావడం మానేశాడు. తను కదిలితే ఆ మూడు దెబ్బలు ఎక్కడ తప్పిపోతాయో అని ఉడుత చూడ్డానికి కూడా వెళ్లలేదు.

ఒకనాడు వడ్రంగిపిట్ట కొట్టింది. ఒకటి, రెండు, మూడు! అందరూ కొండకు పరుగెత్తారు. ఉడుత మాత్రం మామను పిలుచుకు రావడానికి బొరియ దగ్గరికి పరుగెత్తింది.

"మామ పోయి నెలయిందమ్మా," అంది పొదలో పిచ్చుక.

బొరియ ముందు ఏడు రాళ్లు వరసగా పరిచి ఉన్నాయి. కొండ మీద కేరింతలు మొదలయ్యాయి. ఉడుత ఒక్కో రాయే ఎత్తి చూసింది. ఏడోదాని కింద గింజ ఉంది.

"దొరికింది మామా," అంది.