నిమ్మకాయ తొక్కనిదే

వరహాలమ్మ కారుకి పదహారేళ్లు నిండాయి. పెట్రోలుతోనూ కరెంటుతోనూ నడిచే పాత రకం అది. డ్రైవరు అక్కర్లేని ఈ కార్లు ఇంటివాళ్ల అలవాట్లన్నీ నేర్చేసుకుంటాయి. ఇవాళ రవాణా ఆఫీసు మైదానంలో జరిగే పరీక్షలో తప్పితే దాన్ని తుక్కు చేసేస్తారు. ఆపైన వరహాలమ్మ వారం వారం ఆసుపత్రికి వెళ్లే దారి ఉండదు.

"బయల్దేరు," అన్నాడు ఆఫీసరు. కారు దీపాలు వెలిగించింది గానీ, ససేమిరా కదలలేదు.

"ఏమ్మా, మీ కారుకి చెవుడా? తుక్కని రాసేయమంటారా?"

మనవరాలు గౌరికి సంగతి తట్టి, ఆమె చెవిలో అడిగింది. "నానమ్మా, ఇంటి దగ్గర పెట్టినట్టు ఇక్కడ నిమ్మకాయ పెట్టలేదా?"

"పెద్దాఫీసు కదే. నవ్వుతారని మానేసినాను," అని గొణిగింది వరహాలమ్మ. ఇన్నేళ్లుగా చక్రం కింద నిమ్మకాయ పెట్టనిదే ఆమె కారుని ఎక్కడి నుంచీ కదలనివ్వలేదు.

నలుగురిలో నోరు విప్పని గౌరి, పక్కనున్న సోడా బండి దగ్గరికి పరుగెత్తి ఒక నిమ్మకాయ తెచ్చింది. అందరూ చూస్తుండగానే ముందు చక్రం కింద పెట్టింది. కారు దాన్ని మెల్లగా తొక్కి, మైదానమంతా చక్కగా తిరిగొచ్చింది.

ఆఫీసరు కాగితంలో ఇంధనం అన్నచోట పెట్రోలు, కరెంటు అని రాశాడు. కాసేపు ఆలోచించి నిమ్మకాయ అని కూడా చేర్చి, ముద్ర వేశాడు.